గుర్తు మారుతుందా, మారదా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అసమీకరణాల మీదే ఉన్నాయి. అంటే 'దీని కంటే ఇది తక్కువ', 'దీని కంటే ఇది ఎక్కువ' అని చెప్పే లెక్కలు. అందుకని ఈ సంచికలో ఇంక వేరే ఏదీ తీసుకోలేదు. ముందుగా ఒక్క మాట. స్కూలు పుస్తకాల్లో తెలియని రాశిని ఎక్స్ అని రాస్తారు, ఇక్కడ నేను 'యా' అని రాస్తాను. భాస్కరాచార్యులు 1150లో రాసిన బీజగణితంలో తెలియని రాశిని 'యావత్తావత్' అన్నారు, అంటే 'ఎంతో అంత', దాన్ని కుదించి 'యా'. రెండో తెలియని రాశి వస్తే కాలకం, మూడోది వస్తే నీలకం, ఇలా రంగుల పేర్లు పెట్టుకుంటూ పోయారు. నాకు ఆ పద్ధతి ఇష్టం, పిల్లలకి కూడా అక్షరం వెనక ఒక మాట ఉందని తెలిస్తే కొంచెం భయం తగ్గుతుంది.

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి ఎనిమిదో తరగతి. స్లిప్ టెస్టులో యా + 7 < 15 అనే లెక్కకి యా > 8 అని రాసింది. తప్పు కొట్టేశారు. ఎందుకలా రాశావని అడిగితే "అటు వెళ్తే గుర్తు మారాలి కదమ్మా, క్లాసులో అలాగే చెప్పారు" అంటోంది. నేను డిగ్రీ దాకా చదివాను గానీ దానికి ఏం చెప్పాలో తోచలేదు. పైగా ఎక్కడో మైనస్ వస్తే నిజంగానే గుర్తు తిరగబడుతుందని నాకూ లీలగా జ్ఞాపకం. అసలు ఎక్కడ మారుతుంది, ఎక్కడ మారదు? పరీక్షలు దగ్గర పడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మాయిని ఏమీ అనకండి. ఆ పిల్ల తనకి చెప్పిన మాటని తు.చ. తప్పకుండా పాటించింది. ఇబ్బంది ఆ మాటలోనే ఉంది. తెలుగులో మనం ప్లస్సునీ మైనస్సునీ గుర్తులే అంటాం, < నీ > నీ కూడా గుర్తులే అంటాం. 'అటు వెళ్తే గుర్తు మారుతుంది' అన్నప్పుడు చెప్పేవాళ్ల మనసులో ఉండేది 7 ముందున్న ప్లస్సు, వినే పిల్ల కంటికి కనిపించేది లెక్క నడిమధ్యలో కొట్టొచ్చినట్టు ఉన్న < గుర్తు. ఏ గుర్తో చెప్పకుండా మారుతుందంటే పిల్ల ఏదో ఒకటి మార్చేస్తుంది, కొందరు రెండూ మారుస్తారు. నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ మాటే చెప్పేవాణ్ణి, పేపర్లు దిద్దేటప్పుడు వరసగా ఇదే తప్పు కనబడుతుంటే ఆలోచించి మానేశాను.

నిజానికి 7 ఎటూ వెళ్లదు. రెండు వైపుల నుంచీ మనం 7 తీసేస్తాం, అంతే జరిగేది. అది కాగితం మీద కనిపించేలా మధ్యలో ఒక లైను రాయించండి:

యా + 7 < 15
యా + 7 − 7 < 15 − 7
యా < 8

ఆ మధ్య లైను వేస్ట్ అని చాలామంది కొట్టేయిస్తారు, పిల్లలకి కూడా బద్ధకం. కానీ ఈ లెక్కలో అసలు పని జరిగేది ఆ లైనులోనే. కనీసం ఓ పదిహేను ఇరవై లెక్కలకి దాన్ని రాయించండి, ఆ తర్వాత తనకే అక్కర్లేదనిపించినప్పుడు మానేస్తుంది, అప్పుడు మానేసినా ఫర్వాలేదు.

రెండు వైపులా ఒకే సంఖ్య తీసేస్తే < ఎందుకు మారదు అనేది మాటల్లో కంటే నడిచి చూస్తే బాగా తెలుస్తుంది. నా దగ్గర చదువుకునే పిల్లల్ని ఒకసారి పొద్దున్నే బీచ్ రోడ్డుకి తీసుకెళ్లాను. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర సున్నా అనుకున్నాం. అక్కణ్ణుంచి భీమిలి వైపు వేసే అడుగులు ప్లస్సు, హార్బరు వైపు వేసే అడుగులు మైనస్సు. ఒకణ్ణి 2 దగ్గర, ఇంకొకణ్ణి 5 దగ్గర నిలబెట్టి ఇద్దరినీ భీమిలి వైపు తిరగమన్నాను. 5 దగ్గరున్నవాడు ముందున్నాడు. ఇద్దరినీ నాలుగు అడుగులు ముందుకి వేయమంటే 6కీ 9కీ వచ్చారు, వాడే ముందు. మళ్లీ వెనక్కి తీసుకొచ్చి, అక్కణ్ణుంచి ఇంకో ఆరు అడుగులు వెనక్కి వేయమన్నాను. సబ్‌మెరైన్ దాటి హార్బరు వైపుకి వచ్చేశారు, ఒకడు −4 దగ్గర, ఇంకొకడు −1 దగ్గర. ఇక్కడ ఒక పాప ఆగిపోయింది, "4 పెద్దది కదా, ఇప్పుడు వీడు పెద్ద కదా" అని. ఎవరు భీమిలికి దగ్గరో చూడమన్నాను. వాడే, ఇందాక 5 దగ్గరున్నవాడే. మధ్యలో సున్నా దాటినా ఇద్దరూ వేసిన అడుగులు సమానం కాబట్టి ముందున్నవాడు ముందే ఉన్నాడు, ఇద్దరి మధ్య మూడు అడుగుల ఎడం కూడా అలాగే ఉంది. కూడడం, తీసివేయడం రెండూ ఇంతే. సంఖ్యారేఖ మీద అందరూ కలిసి జరగడం. కాబట్టి < అలాగే ఉంటుంది, > అలాగే ఉంటుంది, ప్లస్ సంఖ్యని తీసినా మైనస్ సంఖ్యని కలిపినా సరే.

ఇక మీ అమ్మాయికి సరిచూసుకోవడం నేర్పండి. దీనికి ఎవరి సాయమూ అక్కర్లేదు. తను రాసిన జవాబు యా > 8 కదా, అయితే 10 కుదరాలి. వేసి చూడమనండి: 10 + 7 అంటే 17, అది 15 కంటే తక్కువా? కాదు. పోనీ 5 వేస్తే 12, అది 15 కంటే తక్కువే. అంటే జవాబు 8కి ఇటువైపు ఉంది. చివరగా 8నే వేయాలి: 8 + 7 సరిగ్గా 15, 15 కంటే తక్కువ కాదు, కాబట్టి 8 జవాబులోకి రాదు. సరిహద్దు సంఖ్య ఒకటి, దానికి ఇటొకటి అటొకటి, మొత్తం మూడు సంఖ్యలు. నిమిషం పట్టదు.

మీకు జ్ఞాపకం ఉన్న తిరగబడే సంగతి కూడా నిజమే, అది కింది ఉత్తరంలో వస్తోంది.

ప్రశ్న: సార్, పాలిసెట్‌కి ప్రిపేర్ అవుతున్నాను. 9 − యా < 4 అనే లెక్క చేశాను. 9 తీసేస్తే −యా < −5 వచ్చింది. రెండు వైపులా మైనస్ కొట్టేసి యా < 5 అని రాశాను. కీలో యా > 5 అని ఉంది. మా ఫ్రెండ్ "మైనస్‌తో భాగిస్తే తిరగబడుతుంది, బట్టీ పట్టెయ్" అన్నాడు. ఎందుకో తెలియకుండా బట్టీ పడితే హాల్లో మర్చిపోతానని భయం.
– ఒక విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: బాబూ, ఎందుకో తెలుసుకోవాలనుకున్నావు, చాలా సంతోషం. నీ లెక్కలో −యా < −5 దాకా అంతా కరెక్టే. తప్పు ఆ 'మైనస్ కొట్టేయడం' దగ్గర జరిగింది. కానీ ముందు నీకు ఇంకో దారి చూపిస్తాను, అందులో తిరగబడే రూలు అవసరమే రాదు. యా ముందు మైనస్ ఉంది కదా, రెండు వైపులా యా కలిపెయ్:

9 − యా + యా < 4 + యా
9 < 4 + యా
9 − 4 < 4 + యా − 4
5 < యా

5 కంటే యా ఎక్కువ. కుడివైపు నుంచి చదివితే యా > 5. ఇలా అటునుంచి చదవడాన్ని గుర్తు మార్చడం అనుకోకు, తమ్ముడు అక్క కంటే చిన్న అన్నా, అక్క తమ్ముడి కంటే పెద్ద అన్నా ఒకటే సంగతి. తెలియని రాశికి మైనస్ ఉంటే దాన్ని ప్లస్ అయ్యే వైపుకి చేర్చుకోవడం నా దృష్టిలో అన్నిటికంటే భద్రమైన పద్ధతి. పరీక్ష హాల్లో కంగారుగా ఉన్నప్పుడు కూడా ఇది మోసం చేయదు.

ఇప్పుడు ఎందుకు తిరగబడుతుందో చూద్దాం. దీనికి కూడా తీసివేత ఒక్కటి చాలు. 2 < 5 తీసుకో. రెండు వైపులా 2 తీసెయ్, 0 < 3. మళ్లీ రెండు వైపులా 5 తీసెయ్, −5 < −2. చూశావా, మధ్యలో < ఎక్కడా కదల్లేదు, 5 మైనస్ అయ్యి ఎడమవైపుకి వచ్చింది, 2 మైనస్ అయ్యి కుడివైపుకి వెళ్లింది. దాన్ని 2 ఎడమవైపే ఉండేలా తిప్పి రాస్తే −2 > −5 అవుతుంది. అదే ఆ రూలు. ఏ రెండు సంఖ్యలు తీసుకున్నా ఇలాగే వస్తుంది, నువ్వే ఓ నాలుగు జతలతో చేసి చూడు.

పైన బీచ్ రోడ్డు మీద పిల్లల్ని నడిపించిన సంగతి రాశాను కదా. అందులో నడక ఎంతసేపైనా ముందున్నవాడు ముందే ఉన్నాడు. కానీ ఇద్దరినీ ఉన్నచోటే వెనక్కి తిరగమంటే? కుడిచేతి వైపున్న సముద్రం ఎడమచేతి వైపుకి వచ్చేస్తుంది, ముందున్నవాడు వెనకవాడు అయిపోతాడు. మైనస్ ఒకటితో గుణించడం అంటే అలా వెనక్కి తిరగడం. మైనస్ 3తో భాగించినా అంతే, తిరగడం ఒకటి, దూరాలు తగ్గడం ఒకటి. నడక వేరు, తిరగడం వేరు అని మనసులో పెట్టుకుంటే ఈ రెండు పనులూ కలగాపులగం కావు.

ప్రశ్న: మాస్టారూ, ఏది 'తక్కువ' గుర్తో ఏది 'ఎక్కువ' గుర్తో నాకు ఎప్పుడూ తారుమారవుతుంది. ఈ గుర్తులు ఎవరు కనిపెట్టారు?
– ఆరో తరగతి అబ్బాయి, భీమిలి

జవాబు: నాన్నా, గుర్తు ఒక పక్క తెరుచుకుని ఉంటుంది, రెండో పక్క మొనలా ఉంటుంది. తెరుచుకున్న పక్కన పెద్దది, మొన పక్కన చిన్నది. 3 < 8 అని రాసి వేలు పెట్టి చూడు. ఇంతకంటే గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు. ఈ రెండు గుర్తులూ థామస్ హారియట్ అనే ఇంగ్లండు గణితజ్ఞుడి పుస్తకంలో మొదట అచ్చయ్యాయి, 1631లో. ఆయన 1621లోనే పోయాడు, పదేళ్ల తర్వాత ఆ పుస్తకం వచ్చింది. సమానం గుర్తు వీటికంటే పాతది, రాబర్ట్ రికార్డ్ 1557లో వాడాడు, రెండు సమాంతర గీతల కంటే సమానమైనవి ఇంకేముంటాయని ఆ రూపం ఎంచుకున్నాడు. 'తక్కువ లేదా సమానం' అనడానికి < కింద గీత పెట్టడం ఫ్రాన్సుకి చెందిన పియర్ బూగే 1734లో మొదలుపెట్టాడు.

ప్రశ్న: సార్, ఇంట్లో ట్యూషన్లు చెబుతాను. లెక్క గుర్తుల్లో ఉంటే పిల్లలు చేసేస్తున్నారు, అదే తెలుగు వాక్యంలో ఇస్తే < పెట్టాలో ≤ పెట్టాలో తెలియక దిక్కులు చూస్తున్నారు. సంఖ్యారేఖ మీద ఖాళీ చుక్కా, నింపిన చుక్కా అనేది కూడా అక్కడే తప్పుతున్నారు.
– ఒక టీచర్, మర్రిపాలెం

జవాబు: మేడమ్, ఇది లెక్క సమస్య కంటే భాష సమస్య, అందుకే దీనికి తెలుగు పాఠం చెప్పినట్టే చెప్పాలి. 'కంటే తక్కువ', 'కంటే ఎక్కువ' అంటే ఆ సంఖ్య రాదు, ఖాళీ చుక్క. 'మించకూడదు', 'మహా అయితే' అంటే ఆ సంఖ్య దాకా రావచ్చు, ≤, నింపిన చుక్క. 'కనీసం', 'తగ్గకుండా' అంటే ≥, ఇదీ నింపిన చుక్కే. పిల్లలు ఎక్కువగా పొరబడేది 'కనీసం' దగ్గర. ఆ మాట వినగానే తక్కువ అనిపించి < పెట్టేస్తారు. కనీసం 35 మార్కులు రావాలి అంటే 35 వచ్చినవాడు పాసా ఫెయిలా అని అడగండి. పాస్ అని క్లాసంతా ఒకేసారి అంటారు, అప్పుడు 36 సంగతి, 34 సంగతి అడిగితే గుర్తు వాళ్లే పెడతారు.

చివరి సంఖ్య లోపలా బయటా అనేదానికి మన ఊళ్లోనే మంచి ఉదాహరణ ఉంది. చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అని ఫిషింగ్ హార్బరులో ఎవరిని అడిగినా చెబుతారు. మొత్తం 61 రోజులు. పిల్లల్ని లెక్కపెట్టమనండి. ఏప్రిల్‌లో 15 నుంచి 30 దాకా 16 రోజులు, మే 31, జూన్ 14, కలిపితే 61. అంటే మొదటి రోజూ చివరి రోజూ రెండూ నిషేధంలోనే ఉన్నాయి, రెండు చివర్లా నింపిన చుక్కలే. రెండు చివర్లా ఖాళీ చుక్కలు పెడితే 59 రోజులే వస్తాయి, బోట్లు ఏప్రిల్ 15న, జూన్ 14న కూడా వేటకి వెళ్లిపోతాయి. చుక్క నింపడం, నింపకపోవడం వల్ల ఏం తేడా వస్తుందో పిల్లలకి ఇలా చెబితే పడుతుంది.

వాక్యాన్ని లెక్కగా మార్చడానికి నేను మా అపార్ట్‌మెంట్ లిఫ్టుని వాడతాను. లోపల బటన్ల పైన చిన్న స్టీలు పలక ఉంటుంది, 6 మంది, 408 కేజీలు అని. మనిషికి 68 కేజీల చొప్పున వేసిన లెక్క అది, ఆరుని 68తో గుణిస్తే 408. ఇప్పుడు లిఫ్టులో నలుగురు ఎక్కారు, నలుగురి బరువూ కలిపి 290. వాళ్లతో 25 కేజీల బియ్యం బస్తాలు రెండు. ఇంకొకరు ఎక్కాలంటే ఎంత బరువు దాకా ఉండొచ్చు? మించకూడదు కాబట్టి ≤.

యా + 290 + 50 ≤ 408
యా + 340 − 340 ≤ 408 − 340
యా ≤ 68

సరిగ్గా 68 కేజీల మనిషి ఎక్కినా లిఫ్టు కదులుతుంది, అందుకే 68 దగ్గర నింపిన చుక్క. ఇక్కడ పిల్లల్ని ఇంకో మాట కూడా అడగండి, యా ≤ 68 అంటే మైనస్ 10 కూడా కుదురుతుంది కదా, మైనస్ 10 కేజీల మనిషి ఉంటాడా అని. లెక్క ఇచ్చిన జవాబులో అసలు విషయానికి కుదిరే ముక్క ఏదో చూసుకోవడం కూడా జవాబులో భాగమే. చాలా గైడ్లలో ఈ మెట్టు ఉండదు, అది పెద్ద లోటు. పిల్లల బరువులు మాత్రం క్లాసులో అడగకండి, లావుగా ఉన్నవాళ్లు, సన్నగా ఉన్నవాళ్లు నొచ్చుకుంటారు. మీరే ఊహించి సంఖ్యలు ఇవ్వండి.

ప్రశ్న: సార్, బ్యాంకు పరీక్షలకి చదువుతున్నాను. రెండు సమీకరణాలని ఒకదాన్నుంచి ఒకటి తీసేసినట్టు రెండు అసమీకరణాలని కూడా తీసేయొచ్చా? ఒక మోడల్ పేపర్లో అలా చేస్తే జవాబు తప్పొచ్చింది.
– ఒక అభ్యర్థి, పెందుర్తి

జవాబు: గుర్తు ఒకే వైపు ఉన్నవాటిని కూడొచ్చు, తీసేయకూడదు. 5 < 8, 1 < 7, రెండూ నిజం. కూడితే 6 < 15, నిజమే. తీసేస్తే 4 < 1, అబద్ధం. ఇంతకుముందు లెక్కల్లో రెండు వైపులా ఒకే సంఖ్య తీశాం, ఇక్కడ ఎడమవైపు 1, కుడివైపు 7 తీశావు. సమానంగా తీయనప్పుడు ముందున్నవాడు ముందే ఉంటాడనే హామీ ఏముంది?

దీన్ని డబ్బుల్లో చూడు. నెలకి వచ్చేది 12000 కంటే ఎక్కువ, ఖర్చు 9000 కంటే తక్కువ అనుకుందాం. అప్పుడు మిగిలేది 3000 కంటే ఎక్కువని ధైర్యంగా చెప్పొచ్చు. అదే, వచ్చేది 12000 కంటే ఎక్కువ, ఖర్చు కూడా 9000 కంటే ఎక్కువ అని మాత్రమే తెలిస్తే? 13000 వచ్చి 20000 ఖర్చయినా ఆ రెండు మాటలూ నిజమే, అప్పుడు మిగిలేది 3000 కాదు, అప్పు 7000. కాబట్టి తీసివేత కావాలంటే, తీసేయాల్సినదాన్ని ముందు మైనస్ చేసి తిప్పుకో, అప్పుడు కూడు.

మోడల్ పేపర్లో నీకు వచ్చినట్టు ఇలాంటిదే ఒకటి చేద్దాం. భాస్కరాచార్యుల పద్ధతిలో రెండో రాశిని 'కా' అందాం. 3 < యా < 7, 1 < కా < 4. యా − కా ఎంత నుంచి ఎంత దాకా ఉంటుంది? తొందరలో అందరూ 3 లోంచి 1, 7 లోంచి 4 తీసేసి 2 నుంచి 3 మధ్య అంటారు. యా 6, కా 2 వేసి చూడు, తేడా 4. ఆ 2, 3ల మధ్య లేదు. సరైన దారి ఇది: కా 1కీ 4కీ మధ్య ఉంటే −కా −4కీ −1కీ మధ్య ఉంటుంది. దాన్ని యాతో కూడు.

3 + (−4) < యా − కా < 7 + (−1)
−1 < యా − కా < 6

అంటే చిన్న చివర కావాలంటే యాలో చిన్నదాన్నుంచి కాలో పెద్దది తీయాలి, పెద్ద చివర కావాలంటే పెద్దదాన్నుంచి చిన్నది తీయాలి. ఇదే వరసలో 2 ≤ యా ≤ 10, 3 ≤ కా ≤ 5 తీసుకుని చేసి చూడు. −3 ≤ యా − కా ≤ 7 వస్తే నీకు పట్టుబడినట్టే.